మా మరదలు గోడకి తగిలించిన ఇంటి ఓనరు

మా మరదలు ఒకసారి ఇరవై రెండుమంది పిల్లల్నీ, నూటపది కిలోల ఇంటి ఓనరునీ ఒకే గోడకి వరసగా తగిలించింది. అది ఇటుక గోడ కూడా కాదు. సుద్దలాంటి పొడిని రెండు అట్టల మధ్య నొక్కి చేసిన పలకల గోడ, గట్టిగా తుమ్మితే సొట్టపడే రకం. అయినా ఒక్క కొక్కెం కదల్లేదు.

సరే, నన్నలా చూడకండి. ఇరవై రెండుమంది అన్నది కొంచెం ఎక్కువే. ఏడుగురు. వాళ్ళని కూడా మా మరదలు తగిలించలేదు, వాళ్ళంతట వాళ్ళే తగులుకున్నారు. నూటపది కిలోలన్నది నా అంచనా, ఆయన్ని తూచే అవకాశం నాకు రాలేదు. కానీ గోడ నిజం, ఓనరు నిజం.

మా మరదలంటే మా ఆవిడ చెల్లెలు. అరవైకి రెండేళ్ళు తక్కువ. బక్కపలచని మనిషి. చేతిలో రేకుపెట్టె, కొంగు నడుముకి బిగించి ఉంటుంది. వీధిలో పిల్లలు ఆవిణ్ణి టకటకత్త అంటారు. ఎవరింట్లో అడుగుపెట్టినా ఆవిడ ముందు పలకరించేది మనుషుల్ని కాదు, గోడల్ని. మధ్యవేలి కణుపుతో టకటకమని రెండు దెబ్బలు కొట్టి, తల పక్కకి వాల్చి వింటుంది. ఆ తర్వాతే "బాగున్నారా వదినా?" అని అడుగుతుంది. గోడ మీద కొడితే అవతలి గదిలో ఎవరు ఎవరిమీద అలిగారో కూడా చెప్పేస్తుందని నేను చాలామందితో అన్నాను. కొందరు నమ్మారు.

ఈ చెవి ఆవిడకి చిన్నప్పుడే వచ్చింది. మా మామగారికి వీధి మలుపులో ఇనప సామాన్ల కొట్టు ఉండేది. మేకులు, మరలు, గడియలు, రంగు డబ్బాలు. పెద్దకూతురు, అంటే మా ఆవిడ, పుస్తకం వంకతో కొట్టు ఛాయలకి వచ్చేది కాదు. చిన్నది మాత్రం బడి వదలగానే అక్కడే. రంగు డబ్బాలు అరల్లో పైదాకా పేర్చి ఉండేవి. ఒక్కోటీ దించి మూత తీసి చూడాలంటే పూట పడుతుంది. అందుకని నిచ్చెనెక్కి, డబ్బాని పైనుంచి కిందికి వేలితో కొట్టుకుంటూ రావడం అలవాటు చేసుకుంది. ఒకచోట శబ్దం మారుతుంది. అక్కడిదాకా రంగు ఉందన్నమాట.

"ఎంతుందే?" అని కిందనుంచి మామగారు అడిగేవారు.

"సగానికి రెండు వేళ్ళు తక్కువ నాన్నా."

"మూత తీస్తే మూడు వేళ్ళు తక్కువుంటే?"

"అయితే ఒక వేలంత ఎవరో వాడేసుకున్నారు."

మామగారి తర్వాత ఆ కొట్టు ఆవిడే నడిపింది. భర్త, అంటే మా తోడల్లుడు, బస్సు నడిపేవాడు. డ్యూటీ లేని రోజున వంట ఆయనది, కొట్టు ఈవిడది. అలా ఇరవై ఎనిమిదేళ్ళు.

ఆ రోజుల్లోనే ఊళ్ళోకి కొత్తగా పలకల గోడలొచ్చాయి. ఒక రిటైరైన టీచరమ్మ నిలువుటద్దం తగిలించుకోవడానికి సామాను కావాలని వచ్చింది. మా మరదలు అలవాటుగా ఇటుక గోడకి వాడే ప్లాస్టిక్ ప్లగ్గులూ మరలూ పొట్లం కట్టి ఇచ్చింది. ఏ గోడకని అడగలేదు. నాలుగోరోజు అద్దం కింద పడి ముక్కలైంది. టీచరమ్మ ఆ క్షణానే పక్కగదిలోకి వెళ్ళింది కాబట్టి బతికిపోయింది. ఆవిడ వచ్చి గొడవ చేసినా బాగుండేది. "నేనే మర సరిగ్గా తిప్పి ఉండనమ్మా" అందట. ఆ మాట మా మరదలికి ముల్లులా గుచ్చుకుంది. ఆ పూటే కొట్టు మూసి వాళ్ళింటికి వెళ్ళి, గాజు పెంకులన్నీ తనే ఊడ్చి, అందులో ఒక ముక్క తెచ్చుకుంది. అంచులు అరగదీసి రేకుపెట్టెలో వేసుకుంది. ఇప్పటికీ మరలకీ మేకులకీ అడుగున అది ఉంటుంది.

ఆనాటినుంచి కొక్కెం కొనడానికి ఎవరొచ్చినా మూడు ప్రశ్నలు. ఏ గోడకి? ఏం తగిలిస్తారు? దాన్ని తీసేది ఎవరు?

"కొక్కెం అడిగితే దొంగతనం కేసులా ఆరా తీస్తావేంటమ్మా?" అని విసుక్కునేవాళ్ళు.

"ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

"ఇద్దరు."

"అయితే ఇది వద్దు. రేపు నేనే వచ్చి చూస్తాను."

అలా చూడటానికి వెళ్ళడమే చివరికి ఆవిడ వృత్తి అయింది. వయసు మీదపడి కొట్టు తీసేసినా రేకుపెట్టె మాత్రం వదల్లేదు.

ఇక ఆ గోడ సంగతి. మా అమ్మాయి చిన్నపిల్లల బడి నడుపుతుంది. అద్దెకి తీసుకున్న పొడవాటి హాలు, వెనక చిన్న వంటగది, అంతే. ఆరేళ్ళ లోపు పిల్లలు ఇరవై రెండుమంది. వానలు మొదలైతే ఇరవై రెండు పసుపు రెయిన్‌కోట్లు ఒక మూల కుప్పపడి నీళ్ళు కారుస్తూ ఉంటాయి. ఇంటికెళ్ళే వేళ ఎవరిది ఎవరికి దొరికితే వాళ్ళది.

"గోడకి కొక్కేలు పెట్టించాలి నాన్నా, పిన్నిని పిలుస్తాను" అంది మా అమ్మాయి.

"నాలుగు మరల పనికి పిన్నెందుకమ్మా? కాన్వెంటులో చేతిపనిలో నాకు ఫస్ట్ ప్రైజ్ ఇచ్చారు తెలుసా?" అన్నాను. ఆ ప్రైజు కాగితం పూలు చేసినందుకని చెప్పలేదు. అడగలేదు కాబట్టి అది అబద్ధం కిందికి రాదు.

ఆదివారం కూర్చుని ఇరవై రెండు కొక్కేలూ నేనే బిగించాను, ప్లాస్టిక్ ప్లగ్గులతో. వదులుగా ఊగినవాటి చిల్లుల్లో టూత్‌పేస్టు కూరాను. తెల్ల గోడ, తెల్ల పేస్టు, ఎంతో అందంగా కలిసిపోయింది. సోమవారం నిలబడ్డాయి. మంగళవారం నిలబడ్డాయి. బుధవారం ఇంటికెళ్ళే వేళ ఒక చిన్నపిల్ల కోటు పట్టుకుని లాగింది. కోటుతో కొక్కెం, కొక్కెంతో పళ్ళెమంత గోడముక్క, ఆ ఊపుకి పక్కనున్న నాలుగు కొక్కేలు ఊడొచ్చాయి. పిల్లకి దెబ్బ తగల్లేదు. తలనిండా తెల్లపొడితో "నామీద మంచు పడింది!" అని గంతులేసింది.

మంచు చూడటానికి పైవాటాలో ఉండే ఓనరు దిగొచ్చాడు. గోడని చూశాడు, నన్ను చూశాడు, మా అమ్మాయితో మాత్రమే మాట్లాడాడు.

"శనివారం వస్తానమ్మా. ఇంకొక్క కొక్కెం ఊడినా, ఇంకొక్క చిల్లు నా కంటబడినా నెలాఖరుకి హాలు ఖాళీ చెయ్యాలి. కాగితం రాసి జేబులో పెట్టుకునే వస్తాను."

ఆ హాలు పోతే బడే పోతుంది. పిల్లలు నడిచి రాగలిగే దూరంలో అంత హాలు ఇంకోటి లేదు. ఆరేళ్ళు కష్టపడి నిలబెట్టుకుంది మా అమ్మాయి. నన్ను తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణి. తిట్టలేదు, ఫోను తీసి "పిన్నీ, రేపు పొద్దున్నే రా" అంది.

గురువారం పొద్దున్నే మా మరదలు వచ్చింది. గోడ దగ్గరికి వెళ్ళి ఒక చిల్లులో వేలు పెట్టి వాసన చూసింది.

"ఇది టూత్‌పేస్టా బావా?"

"మంచి కంపెనీదే."

"పోనీలే, గోడకి పళ్ళు పుచ్చవు."

"ఒక్కో కోటు తడిసినా కిలో ఉండదు మరదలు పిల్లా. ఎలా ఊడిందంటావు?"

"కోటు ఊడదియ్యలేదు బావా, పిల్ల ఊడదీసింది. నువ్వు కోటుని తూచావు, పిల్లని తూచలేదు."

రేకుపెట్టె తెరుస్తుందని చూస్తున్నాను. తెరవలేదు. పిల్లల బుల్లి కుర్చీ ఒకటి లాక్కుని, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, మధ్యాహ్నం దాకా అలా చూస్తూ ఉండిపోయింది. మిగిలిన కొక్కేల దగ్గరికి పిల్లల్ని పోనివ్వకుండా, గుమ్మం పక్కనున్న ఇనప చట్రానికి కోట్లు తగిలించమంది. ఒక్క పిల్ల తప్ప ఎవరూ కోటుని పైకెత్తి తీయరు. అంచు పట్టుకుని నడిచి వెళ్ళిపోతారు, రావలసిన బాధ్యత కోటుదే. బడికంతటికీ పెద్దవాడు, ఆరేళ్ళవాడు, రెండు చేతులతో చట్రం పట్టుకుని కాళ్ళు మడిచి ఊగాడు. వాణ్ణి చూసి ఇంకొందరు. మా మరదలు చిన్న పుస్తకంలో గీతలు గీసుకుంది.

"లాగేవాళ్ళు పధ్నాలుగు, వేలాడేవాళ్ళు ఏడుగురు, బుద్ధిగా తీసేది ఒక్కతి" అంది చివరికి. "ఆ ఒక్కతీ సోమవారానికి నేర్చేసుకుంటుంది."

అప్పుడు లేచి గోడ చివరనుంచి కొట్టుకుంటూ వచ్చింది. డుబ్, డుబ్, డుబ్, టక్. అక్కడ పెన్సిలు గీత. ఇలాంటి గోడల్లో పలకల వెనక రేకుతో చేసిన నిలువు స్తంభాలుంటాయి. ఆవిడ వాటిని ఎముకలంటుంది. ఎముక ఉన్నచోట శబ్దం గట్టిగా వస్తుంది, లేనిచోట బోలుగా వస్తుంది. చెవిని కూడా పూర్తిగా నమ్మదు. పాత బీరువా తలుపు నుంచి పీకిన అయస్కాంతానికి దారం కట్టి గోడ మీద జారుస్తుంది. పలకని ఎముకకి బిగించిన మర తల దగ్గర అది టక్కున అతుక్కుంటుంది. ఇలా చెవీ అయస్కాంతమూ ఒకేమాట చెప్పేదాకా గీత గీయదు.

రెండడుగులకొక గీత పడుతూ వచ్చింది. నాలుగో గీత తర్వాత ఆగిపోయింది. వెనక్కి వెళ్ళింది, మళ్ళీ కొట్టింది. చెవి ఆనించింది. అయస్కాంతం మూడుసార్లు జారిపోయింది.

"ఇక్కడ ఎముక లేదు బావా. నాలుగడుగుల మేర అంతా బోలే. ఒకటి మింగేశారు."

"ఎవరు?"

"కట్టినవాడో, కట్టించినవాడో."

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇంకేం! శనివారం తల్లిదండ్రులంతా ఉంటారు. అందరిముందూ ఓనరు పరువు తీసేద్దాం!"

"ఆయన పరువు తీస్తే గోడ నిలబడుతుందా?" అంది, పెన్సిలు చెవిమీద పెట్టుకుంటూ.

సాయంత్రం ఆటోలో రెండు పొడవాటి చెక్క పలకలు తెచ్చింది. చూడగానే గుర్తుపట్టాను. అవి మామగారి కొట్టు బల్ల మీదివి. కొట్టు తీసేశాక వాటిని మంచం కింద దాచుకుంది, ఎవరడిగినా ఇవ్వలేదు. అరచెయ్యంత వెడల్పుకి కోయించి, పిల్లల తలలు తగిలినా గీరుకోకుండా అంచులు గుండ్రంగా చిత్రిక పట్టించింది.

"గోడకి ఒక్క కొక్కెం కూడా పెట్టను" అని చెప్పింది మా అమ్మాయికి. "చెక్కని ఎముకలకి బిగిస్తాను, కొక్కేలు చెక్కకి బిగిస్తాను. ఎవరు లాగినా బరువు చెక్కంతా పంచుకుని ఎముకలకి ఇస్తుంది. ఎముక లేనిచోట అతుకు రాకుండా ఒకే చెక్క ఇటునుంచి అటుదాకా పడుతుంది. అక్కడ రెక్కల బోల్టులు కూడా వేస్తాను. చిల్లులోంచి ముడుచుకుని వెళ్ళి, గోడ వెనక రెక్కలు విప్పుకుంటాయి. ఇక వెనక్కి రావు."

"చిల్లులు కనిపిస్తే ఊరుకోనన్నాడు పిన్నీ."

"మీ నాన్న చిల్లులన్నీ ఈ చెక్క కిందికే వస్తాయి. మీ నాన్న పరువు కూడా."

శుక్రవారమంతా బిగించింది. ముందు సన్నగా తొలిచి తర్వాతే మర దించింది, చెక్క చీలకుండా. కొక్కేలు కూడా మార్చింది. నేను కొన్నవి మొనదేలి ఉన్నాయని పక్కన పడేసి, చివర గుండ్రని బుడిపెలున్నవి పెట్టింది. అన్నీ అయ్యాక చేతులు దులుపుకుని, రెండేసి కొక్కేలు పట్టుకుని, కాళ్ళు మడిచి, పది లెక్కపెట్టేదాకా వేలాడింది. ఇరవై రెండు కొక్కేలకి పదకొండుసార్లు. అరవైకి దగ్గరపడిన మనిషి అలా గోడ పొడవునా వేలాడుకుంటూ వెళుతుంటే చూసి తీరాలి.

"నేనూ ఒకసారి చూడనా?" అన్నాను.

"నువ్వొద్దు బావా. కొక్కేలకి గ్యారంటీ ఇవ్వగలను, నీ నడుముకి ఇవ్వలేను."

శనివారం ఒకటే వాన. మధ్యాహ్నం బడి వదిలే వేళకి కోట్లన్నీ కొక్కేలకి వరసగా వేలాడుతూ కింద మడుగు కట్టాయి. తల్లిదండ్రులు గుమ్మంలో గొడుగులు ముడుస్తున్నారు. ఓనరు వచ్చాడు. చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తొంగిచూస్తోంది. మా అమ్మాయి కళ్ళు ఆ జేబు మీదే.

ఆయన గోడంతా చూశాడు. చిల్లు లేదు. ఒక కొక్కేన్ని వేలితో కదిపాడు, తర్వాత చేత్తో లాగాడు.

"ఇవాళ ఉంది. రేపుంటుందా?"

"ఇంకా గట్టిగా లాగండి సార్, పరవాలేదు" అంది మా మరదలు.

ఈలోగా ఎవరూ చెప్పకుండానే ఆ ఏడుగురు గోడకి అటుచివర కొక్కేలు పట్టుకుని కాళ్ళు మడిచేశారు. వరసగా, కోట్లతోపాటు కోట్లలా.

"దిగండి! దిగండర్రా! గోడ పోతుంది!" అని అరుస్తూ ఓనరు అటు పరుగెత్తాడు. మడుగులో కాలు జారింది. రెండు కాళ్ళూ ముందుకి పోయాయి. రెండు చేతులూ దొరికిన రెండు కొక్కేలని పట్టుకున్నాయి. మనిషి మనిషంతా ఆ రెండింటి మీద వేలాడాడు. అది ఏ చోటనుకున్నారు? సరిగ్గా ఎముక లేనిచోట.

మా అమ్మాయి కళ్ళు మూసుకుంది. నాకు కాన్వెంటు ప్రార్థన సగం గుర్తొచ్చింది, మిగతా సగం రాలేదు. చెక్క ఒక్కసారి కిర్రుమని ఊరుకుంది. ఆయన పది నిమిషాలు వేలాడాడని మొన్నటిదాకా చెబుతూ వచ్చాను. న్యాయంగా అయితే నేను ఐదు లెక్కపెట్టాను. ఆయన్ని లేపాలని ఎవరికీ తోచలేదు. మా మరదలు ఆయన వైపు చూడనుకూడా లేదు. అరచెయ్యి గోడకి ఆనించి వింటోంది.

"అంకుల్, కాళ్ళు పైకి మడుచుకోవాలి" అని ఆరేళ్ళవాడు పక్కనుంచి సలహా ఇచ్చాడు.

పిల్లల తండ్రులు ఇద్దరు వచ్చి ఆయన్ని నిలబెట్టారు. కొక్కేలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎవరో నవ్వబోయారు. మా మరదలు వెంటనే "తడి నేల, ఎవరైనా జారతారు. రండి సార్, మంచినీళ్ళు తాగుదురుగాని" అని ఆయన్ని వంటగదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. ఆ వంటగది గోడ కూడా పలకలదే. నేను చెవి ఆనించలేదు. గోడే నా చెవికి ఆనింది.

"సార్, మీరు పట్టుకున్నచోట గోడ లోపల ఏమీ లేదు. ఒక నిలువు స్తంభం మానేశారు" అంది, గొంతు తగ్గించి.

"ఒకటి తగ్గితే ఏం కాదన్నాడు కాంట్రాక్టరు" అన్నాడాయన. "నేనూ సరేనన్నాను."

"ఎన్ని గదుల్లో సరేనన్నారు?"

"గుర్తులేదమ్మా."

"పైన మీ ఇంట్లో గోడలకి ఏమేం తగిలించారు?"

"గడియారం, ఫోటోలు. మనవరాలి మంచం పైన పెద్ద అద్దం."

రేకుపెట్టె తెరిచిన చప్పుడైంది. ఆ గాజుముక్క తీసి బల్ల మీద పెట్టిందని తర్వాత ఓనరే మా అమ్మాయితో చెప్పాడు.

"ఇది ఒకావిడ అద్దం. ఏ గోడో అడక్కుండా సామాను ఇచ్చినదాన్ని నేనే. ఆ పూట ఆవిడ పక్కగదిలో ఉంది కాబట్టి సరిపోయింది. పదండి, ముందు ఆ అద్దం దించుదాం. ఉండండి, కింది గోడలో ఎముకలెక్కడున్నాయో అమ్మాయికి గీసిచ్చి వస్తాను, ఇంకెవరూ తెలియక మేకు కొట్టకుండా. కాగితముందా?"

ఆయన జేబులు తడుముకున్నాడట. ఉన్నది ఒక్కటే కాగితం. అదే తీసి, మడత విప్పి, రాసిన వైపు బల్లకేసి బోర్లించి ఇచ్చాడట.

ఆ పటం ఇప్పుడు బడి వంటగది బీరువా తలుపుకి లోపలివైపు అంటించి ఉంది. ఎముకలన్నీ నిలువు గీతలు, లేనిచోట చిన్న సున్నా. రెండోవైపు ఏముందో మా అమ్మాయి తిప్పి చూడలేదు. నేను ఒక మూల లేపి చూశాను. "హాలు ఖాళీ చేయవలసిందిగా" అని మొదలవుతుంది. అక్షరాలు నా రాతంత గుండ్రంగా లేవు.

పైన మనవరాలి గదిలో ఆ మంచం వెనక కూడా ఒకటి మింగేశారట. అద్దం ఆ పూటే దిగింది. సోమవారం నుంచి మళ్ళీ వారందాకా ఆ ఇంట్లో పైవాటా అంతా టకటకలే. బడి మాత్రం అదే హాల్లో ఉంది, అవే కొక్కేలతో. బుద్ధిగా కోటు తీసే ఆ ఒక్క పిల్లా సోమవారం కల్లా వేలాడటం నేర్చేసుకుంది.

ఇదంతా రాసి, మొన్న మా మరదలు ఇంటికొస్తే కూర్చోబెట్టి చదివి వినిపించాను. తడి గొడుగు తలుపు వెనక కొక్కేనికి తగిలించి, అలవాటుగా గోడ మీద రెండు దెబ్బలు కొట్టి, చివరిదాకా ఓపిగ్గా విన్నది.

"అయిందా?"

"అయింది. ఎలా ఉంది?"

"ఒక్కముక్క నిజం లేదు బావా, ఎవరడిగినా నేనిదే చెబుతాను. ఓనరు జారలేదు, వేలాడలేదు. ఆయన ఇంట్లో స్తంభాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఖాళీ చెయ్యమని ఎవరూ ఏ కాగితం రాయలేదు. ఆ పిల్లలంత బుద్ధిమంతులు ఇంకెక్కడా ఉండరు."

"మరి ఆ కొక్కేలు?"

"అవి నువ్వే బిగించావుగా, ఆదివారం కూర్చుని. నేనసలు ఆ బడి గుమ్మమే తొక్కలేదు."